నేల ఉసిరి ఉసిరికి చుట్టమేనా? చెరువు గట్టు మొక్కల ప్రాజెక్టు డైరీ

జూలై 3

తొమ్మిదో తరగతికి వర్గీకరణ పాఠం మొదలుపెట్టాను. రాజ్యం, విభాగం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అని బోర్డు మీద పై నుంచి కిందికి రాశాను, పిల్లలు నోట్సులో దించుకున్నారు. పదిహేనేళ్ళుగా ఇలాగే చెబుతున్నాను. రెండో వరసలో ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, నేల ఉసిరి ఉసిరి చెట్టుకి చుట్టమేనాండీ?" అని అడిగింది. వాళ్ళ నాయనమ్మ కామెర్లొచ్చినవాళ్ళకి ఆ మొక్క నూరి ఇస్తుందట.

జవాబు నాకు తెలుసు. రెండూ ఫిల్లాంథస్ అనే ప్రజాతిలోవే అని చెప్పేసి పాఠం ముందుకు నడిపించొచ్చు. కానీ ఆ పిల్ల వెంటనే "ఎలా తెలిసిందండీ?" అంది. పుస్తకంలో ఉంది అనడం తప్ప నా దగ్గర ఏమీ లేదు. ఒకటి జానెడు కలుపు మొక్క, ఇంకొకటి ఇంటి కంటే ఎత్తు పెరిగే చెట్టు. రెండూ ఒకటే కుటుంబం అని ఒకరు చూసి తేల్చారు కదా, ఏం చూసి తేల్చారు? సాయంత్రం ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన.

ప్రాజెక్టు పెట్టుకున్నాం. ఊరి చెరువు గట్టు మీద ఈ వానాకాలంలో మొలిచే మొక్కల్లో నలభై సేకరించాలి. ప్రతిదానికీ ఒక హెర్బేరియం షీటు, అంటే మొక్కని ఒత్తి ఆరబెట్టి కుట్టిన కాగితం. షీటు మీద మన ఊరి పేరు, ఆ పేరు చెప్పినవాళ్ళ వివరం, శాస్త్రీయ నామం. వీటన్నిటితో పాటు నేల ఉసిరి ప్రశ్నకి మన కళ్ళతో చూసి జవాబు చెప్పాలి.

జూలై 7, ఆదివారం

పద్దెనిమిది మంది వచ్చారు. ముందే చెప్పాను: ఆకు ఒక్కటే తెస్తే పనికిరాదు, పువ్వు ఉండాలి, కాయ దొరికితే ఇంకా మంచిది, చిన్న మొక్కయితే వేళ్ళతో సహా తియ్యాలి. పీకిన వెంటనే దారంతో నంబరు చీటీ కట్టాలి. ఎండితే పోయేవన్నీ అక్కడికక్కడే పుస్తకంలో రాయాలి: పువ్వు రంగు, నలిపితే వాసన, తుంచితే పాలు కారుతున్నాయా, నీటి అంచున ఉందా ఎండలో ఉందా. పిల్లలు ఆకుల ఆకారం ఒక్కటే చూస్తారని అనుకున్నాను. వాసన చూడటం మొదలుపెట్టాక ఆపడం నా వల్ల కాలేదు.

పద్నాలుగు మొక్కలు వచ్చాయి. ఒత్తడానికి వడ్రంగి దగ్గర రెండు ప్లైవుడ్ పలకలు కోయించాను, పాత లగేజీ బెల్టులతో బిగించాం. లోపల పేపర్లు, మధ్యమధ్య అట్టపెట్టెల ముక్కలు.

జూలై 12

తొమ్మిది పోయాయి.

ఆదివారం బిగించి మళ్ళీ శుక్రవారం విప్పాం. ఈ వారమంతా ముసురు. బెల్టులు తియ్యగానే తడి వాసన, పేపర్ల మీద బూడిద రంగు బూజు. గంగవాయిలి అయితే పూర్తిగా కుళ్ళింది. దాని కాడల నిండా నీళ్ళుంటాయని తెలిసీ నేను జాగ్రత్త చెప్పలేదు. మొదటి మూడు రోజులు పూటకోసారి పేపర్లు మార్చాలి, తర్వాత రోజుకోసారి. ఇక నుంచి ఇద్దరేసి పిల్లలకు వంతులు. మధ్యాహ్న భోజనం వండే అమ్మ వంటగదిలో పొయ్యి పక్క గోడకి ప్రెస్సు ఆనించుకోమని చోటిచ్చింది. పొగ చూరుతుందేమో గానీ బూజు పట్టదు.

జూలై 20

ఈ రోజు నేర్చుకున్నది ఎక్కువగా వంటమ్మ దగ్గరే. ఆరబెట్టిన షీట్లు తిరగేస్తుంటే ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మేం 17, 18 నంబర్లు రెండింటికీ "గలిజేరు" అని రాశాం, ఇద్దరు పిల్లలు రెండు ఇళ్ళ నుంచి అదే పేరు తెచ్చారు మరి. ఆమె చూసి, "ఇదేటండి మాస్టారూ, రెండూ ఒకటే అని రాసేశారు. ఇది కూరొండుకునే గలిజేరు. అది అటికమామిడి. దాన్నీ గలిజేరనే అంటారు గానీ కాయ పట్టుకుంటే జిగురు చూడండి, చీరంతా అంటుకుంటాది" అంది.

లెన్సు పెట్టి చూశాం. ఆమె చెప్పింది చెప్పినట్టు ఉంది. 18లో కాయ చిన్న గదలాగా ఉంది, ఐదు గట్లు, వాటి మీద జిగురు రోమాలు, లోపల ఒకటే గింజ. 17లో పువ్వు ఆకు మొదట్లో ఉన్న సంచిలో కూర్చుని ఉంది. కాయ మీద మూత ఊడితే లోపల నల్లటి గింజలు చాలా ఉన్నాయి. 17 ట్రయాంథిమా పోర్టులకాస్ట్రమ్, 18 బోయెర్హావియా డిఫ్యూసా. ఒకే పేరుతో పిలిచే ఈ రెండు మొక్కలు ఒకే ప్రజాతి కాదు సరికదా, ఒకే కుటుంబం కూడా కాదు. రెండో దాని చుట్టాల్లో కాగితం పూల చెట్టు ఉంది.

దీనికి తిరగేసిన కథ గడ్డి చేమంతి. ముగ్గురు పిల్లలు మూడు పేర్లు తెచ్చారు: గడ్డి చేమంతి, పలకాకు, గాయపాకు. ముగ్గురి చేతిలో ఉన్నదీ ఒకటే, ట్రైడాక్స్ ప్రోకంబెన్స్. అసలు అది అమెరికా ఖండపు మొక్క. ఎక్కడి నుంచో వచ్చి మా గట్టు మీద మూడు పేర్లు సంపాదించుకుంది.

ఒకే పేరుకి రెండు మొక్కలుంటే కూర తప్పుతుంది, ఒకే మొక్కకి మూడు పేర్లుంటే ఊరు దాటితే మాట అందదు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు స్థిరంగా వాడిన పుస్తకం వేసింది ఈ ఇబ్బంది తీర్చడానికే. అంతకు ముందు పండితులు ఒక మొక్క పేరుగా లాటిన్‌లో ఒక వాక్యమంతా వర్ణన రాసేవారు.

ఇది చెబుతుంటే ఒక కుర్రాడు, "మనవీ రెండు మాటలేగా మాస్టారూ" అన్నాడు. నిజమే. తెల్ల జిల్లేడు, అడవి తులసి, పెద్ద తుమ్మి, నేల ఉసిరి. మనం గుణం ముందు చెప్పి అసలు పేరు తర్వాత చెబుతాం, లాటిన్‌లో ప్రజాతి పేరు ముందు, గుణం తర్వాత. లూకాస్ ఆస్పెరా అంటే "తుమ్మి, గరుకుది" అన్నట్టు. ఈ పోలిక నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు. వచ్చే ఏడు పాఠం ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆగస్టు 4

ఈ రోజంతా నేల ఉసిరే.

మా దగ్గరున్న పాత పుస్తకంలో నేల ఉసిరి అంటే ఫిల్లాంథస్ నిరూరి అని ఉంది. చాలా తెలుగు పుస్తకాల్లో ఇదే పేరు కనిపిస్తుంది. షీటు మీద రాసేయబోయి ఆగాను. ఫిల్లాంథస్ నిరూరి అమెరికా వైపు జాతి. మన దగ్గర ఆ పేరుతో పిలుస్తూ వచ్చినవి నిజానికి వేరే జాతులని వృక్షశాస్త్రజ్ఞులు తేల్చి దశాబ్దాలైంది. మరి మా గట్టు మీదది ఏది?

పువ్వు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. గుండుసూదితో విప్పి పది రెట్ల లెన్సు కింద పెట్టాం. పాలిపోయిన రేకులు, ఒక్కోదాని నడుమ ఆకుపచ్చ చార. ఒక్కో పిల్లా వచ్చి లెక్కపెట్టారు. ఐదు, ఐదు, ఐదు, ఆరు, ఐదు. ఆరు అన్నవాణ్ణి మళ్ళీ చూడమన్నాను. "ఇది ఆరేనండీ మాస్టారూ" అని గట్టిగా నిలబడ్డాడు. వాడి మొక్కని విడిగా తీసి చూస్తే నిజంగానే ఆరు, ఆ మొక్క మీద ఏ పువ్వు విప్పినా ఆరే. కాయ కూడా వేరుగా ఉంది, ఎర్రగా, పైన బొడిపెలతో, కాడ దాదాపు లేకుండా ఆకుల వరస కింద అతుక్కుని ఉంది. ఆకు అంచున సన్నని నూగు. మిగతావాళ్ళ మొక్కల్లో కాయ నున్నగా, పచ్చగా, చిన్న కాడతో వేలాడుతోంది.

తర్వాత గింజలు. ఎండిన కాయ ఒకటి పేపరు మీద పెడితే టప్‌మని పగిలింది. ఒక్కో గింజ బత్తాయి తొనలాగా ఉంటుంది, ఒక మిల్లీమీటరు. ఐదు రేకుల మొక్క గింజ వీపు మీద నిలువు గీతలు, తంబురా తీగల్లాగా పక్కపక్కన. ఆరు రేకుల మొక్క గింజ మీద అడ్డ గీతలు. నిరూరి అయితే గీతలు కాదు, చిన్న బొడిపెలు ఉండాలి. అంటే మాది నిరూరి కాదు. ఐదు రేకులు, నిలువు గీతలు ఉన్నది ఫిల్లాంథస్ అమరస్. ఆరు రేకులు, అడ్డ గీతలు ఉన్నది ఫిల్లాంథస్ యూరినేరియా. మా ఊళ్ళో రెండిటినీ నేల ఉసిరి అనే పిలుస్తున్నాం, ఒకే గట్టు మీద పక్కపక్కనే పెరుగుతున్నాయి.

ఆ కుర్రాడు ఆరు అన్నప్పుడు నేను "సరిగ్గా చూడు" అని ఊరుకుని ఉంటే ఈ రెండో జాతి మాకు దొరికేది కాదు. మొదటి లెక్క వాడిదే. షీటు మీద వాడి పేరు రాయించాను.

ఆగస్టు 11

ఒకబ్బాయి ప్రెస్సులో పెట్టమని పుట్టగొడుగులు తెచ్చాడు. లిన్నేయస్ అయితే వీటిని మొక్కల్లోనే కలిపాడు. 1969లో విట్టేకర్ ఐదు రాజ్యాల పద్ధతి చెప్పినప్పుడు శిలీంధ్రాలకు విడిగా ఒక రాజ్యమే ఇచ్చాడు, అవి మొక్కల్లా ఎండతో ఆహారం తయారుచేసుకోవు కాబట్టి. పుట్టగొడుగులు వంటగదికి వెళ్ళాయి.

ఆగస్టు 18

జిల్లేడు దగ్గర పెద్ద చర్చ. పిల్లల లెక్కలో జిల్లేడు, తెల్ల జిల్లేడు రెండు మొక్కలు. తెల్ల జిల్లేడు వేరులో వినాయకుడు ఉంటాడని ఊళ్ళో నమ్మకం, ఆ చెట్టుని ఎవరూ కొట్టరు. కానీ మా గట్టు మీదవి రెండూ కాలోట్రాపిస్ జైగాంటియానే. ఊదా పూలది, తెల్ల పూలది ఒకే జాతిలో రంగు తేడా. పువ్వు కట్టుబడి రెండిటిలోనూ ఒకటే, రేకులు వెడల్పుగా విచ్చుకుని వెనక్కి వాలతాయి. రేకులు నిలువుగా నిలబడి కొసన ఊదా మచ్చ ఉంటే అది వేరే జాతి, కాలోట్రాపిస్ ప్రోసెరా. అది మాకు దొరకలేదు.

"మరి నేల ఉసిరిలో గింజ మీద గీత తేడా ఉంటే రెండు జాతులన్నారు, ఇక్కడ పువ్వు రంగే తేడా ఉంటే ఒకటే జాతి అంటున్నారు. ఇదేం న్యాయమండీ?"

ఈ ప్రశ్న అడిగిన అమ్మాయిని చూస్తే నాకు చాలా సంతోషమేసింది. జీవశాస్త్రంలో తలలు పండినవాళ్ళు వాదించుకునే ప్రశ్న ఇది. ఎర్న్‌స్ట్ మేయర్ 1942లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం తమలో తాము సంకరం చెంది సంతానం కనగలిగి, ఇతర గుంపులతో అలా కలవని గుంపు ఒక జాతి. గుర్రానికీ గాడిదకీ కంచరగాడిద పుడుతుంది, కానీ దానికి సాధారణంగా పిల్లలు పుట్టవు. తెల్ల, ఊదా జిల్లేళ్ళ మధ్య అలాంటి గోడ లేదు. రంగు ఒక్కటే తేడా, మిగతా అన్నీ ఒకటే. నేల ఉసిరిలో అలా కాదు. రేకుల సంఖ్య, కాయ, ఆకు అంచు, గింజ, అన్నీ ఒక కట్టగా మారుతున్నాయి. అటొకటి ఇటొకటి కలిసిన మొక్క మాకు ఒక్కటీ దొరకలేదు.

ఈ నిర్వచనం అన్ని చోట్లా సరిపోదని కూడా చెప్పాను. మనం తినే అరటికి గింజే ఉండదు. బాక్టీరియా ఆడా మగా కలిసి పిల్లల్ని కనదు, రెండుగా చీలుతుంది. మొక్కల్లో వేర్వేరు జాతులు కలిసి కొత్తవి పుట్టడం కూడా మామూలే. అందుకే ఆకారం చూసేవాళ్ళు కొందరు, డీఎన్ఏ చూసేవాళ్ళు కొందరు, రెండూ కలిపి చూసేవాళ్ళు ఎక్కువమంది.

సెప్టెంబరు 15

షీట్లకి లేబుళ్ళు రాస్తున్నాం. ఇప్పటికి 33. తంగేడు షీటు దగ్గర పిల్లలు ఆగారు. సెన్నా ఆరిక్యులేటా (ఎల్.) రాక్స్‌బ్. "ఈ చివర అక్షరాలేంటండీ?"

ఎల్. అంటే లిన్నేయస్. ఆయన 1753లో తంగేడుని కేసియా ప్రజాతిలో పెట్టాడు. తర్వాత ఒకరు దాన్ని సెన్నాలోకి మార్చారు. మొదట పేరు పెట్టినవాళ్ళది బ్రాకెట్లోకి వెళ్ళి, మార్చినవాళ్ళ పేరు బయట ఉంటుంది. ఆ రాక్స్‌బ్. ఎవరో కాదు, విలియం రాక్స్‌బర్గ్. మాకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న సామర్లకోటలో 1781 నుంచి పన్నెండేళ్ళ పాటు ఉండి తోట వేసి, మిరియం పండించాలని చూసి, ఈ చుట్టుపక్కల మొక్కలన్నీ మన చిత్రకారులతో బొమ్మలు గీయించిన డాక్టరు. ఆ బొమ్మలతోనే కోరమాండల్ తీరపు మొక్కల మీద పెద్ద పుస్తకం 1795 నుంచి సంపుటాలుగా వచ్చింది, మొత్తం మూడు వందల బొమ్మలు. ఆయన 1815లో పోయారు, తంగేడు పేరు మార్పు 1832లో అచ్చయిన ఆయన గ్రంథంలో ఉంది.

సామర్లకోట అనగానే పిల్లల మొహాలు మారిపోయాయి. సినిమాకి, రైలెక్కడానికి వెళ్ళే ఊరు. ఇంకా చెప్పాను: లిన్నేయస్ దగ్గర చదువుకున్న కోనిగ్ అనే ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశారు. సోమిద చెట్టు ప్రజాతి పేరు సోయ్‌మిడా, మన తెలుగు పేరే లాటిన్ తొడుక్కుంది. కట్లపాము ప్రజాతి బంగారస్ కూడా అంతే. విశాఖపట్నంలో పాముల మీద పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796 నాటి పుస్తకంలో "బంగారు పాము" అని స్థానికులు చెప్పిన పేరే రాశాడు, 1803లో డాడిన్ దాన్నే ప్రజాతి పేరు చేశాడు.

ఆ పేర్లు చెప్పిన మనవాళ్ళు ఎవరో ఏ పుస్తకంలోనూ లేదు. మా షీట్లలో మాత్రం ఉండాలని పిల్లలతో గట్టిగా చెప్పాను. 17, 18 షీట్ల మీద "పేర్లు, తేడా చెప్పినది" అన్న చోట వంటమ్మ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో రాశాం. ఆమె చదివించుకుని, ఇంకోసారి చదవమంది.

అక్టోబరు 20

కుటుంబాల పేర్లు సరిచూడటానికి రెండు వారాలు పట్టింది. నేను చదువుకున్నప్పటి పుస్తకాల్లో నేల ఉసిరి యుఫోర్బియేసి, ఆముదం కుటుంబం. ఇప్పుడు డీఎన్ఏ ఆధారంగా చేసిన వర్గీకరణలో దానికి ఫిల్లాంథేసి అని విడి కుటుంబం ఉంది. జిల్లేడు ఇదివరకు విడి కుటుంబం, ఇప్పుడు గన్నేరు కుటుంబంలో కలిసింది. టేకు చెట్టయితే తులసి కుటుంబంలోకి వచ్చింది. పేరు వెనక ఉన్న చుట్టరికం గురించి మన జ్ఞానం మారింది, దాన్ని బట్టి చిరునామా మార్చారు. దిద్దిన చోట కొట్టివేత కనిపించేలా పెన్నుతోనే దిద్దమన్నాను. వైట్నర్ వాడొద్దు. ఎవరు ఎప్పుడు దిద్దారో పక్కన తేదీ వెయ్యాలి, పెద్ద హెర్బేరియాల్లో కూడా పాత చీటీ పీకెయ్యరు, పక్కన కొత్తది అంటిస్తారు.

నవంబరు 10

కార్తీక వనభోజనాలకి తోటకి వెళ్ళాం. ఉసిరి చెట్టు కింద విస్తళ్ళు వేశారు, కాయలు నిండుగా ఉన్నాయి. జూలై నుంచి ఈ రోజు కోసమే ఆగాం.

ముందు ఒక చింత రెమ్మ, ఒక ఉసిరి రెమ్మ, ఎండబెట్టిన నేల ఉసిరి షీటు పక్కపక్కన పెట్టాం. చూడటానికి మూడూ ఒకలాగే, ఈనెకి రెండు వైపులా చిన్న ఆకులు. చింతలో ఆ చిన్న ఆకుల మొదట్లో ఏమీ ఉండదు. ఎందుకంటే ఆ రెమ్మంతా కలిపి ఒకటే ఆకు, సంయుక్త పత్రం. నేల ఉసిరిలో ఒక్కో చిన్న ఆకు మొదట్లో పువ్వో కాయో వేలాడుతోంది. ఆకు మొదట్లో ఉండే మొగ్గ నుంచే పువ్వు వస్తుంది, కాబట్టి అక్కడ ప్రతి చిన్నదీ పూర్తి ఆకు, ఆ ఈనె నిజానికి కొమ్మ. ఆకు వేషం వేసిన కొమ్మ! మరి ఉసిరి? కాయలున్న కొమ్మలన్నీ వెతికాం. సన్నని రెమ్మ మొదట్లో ఆకుల పక్కనే కాయలు అతుక్కుని ఉన్నాయి. అదీ కొమ్మే. ఫిల్లాంథస్ అన్న మాటకి గ్రీకులో ఆకు, పువ్వు అనే అర్థం.

తర్వాత కాయ. ఉసిరికాయ కోసి, గట్టి టెంకని రాయి మీద పెట్టి పగలగొట్టాం. మూడు గదులు, గదికి రెండేసి గింజలు. మొత్తం ఆరు. షీటు నుంచి రాలిన నేల ఉసిరి కాయని, రెండు మిల్లీమీటర్లదాన్ని, గుండుసూదితో విప్పారు. మూడు గదులు, గదికి రెండు. ఆరు.

మొదటి రోజు నేల ఉసిరి ప్రశ్న అడిగిన అమ్మాయి ఆరు గింజలూ ఒక పేపరు ముక్క మీద, ఇంకో ఆరు దాని పక్కన పేర్చి చాలాసేపు చూసింది. "ఒకటి కండ పెంచుకుంది, ఒకటి పగిలిపోతుంది, లోపల ఇల్లు ఒకటేనండీ" అంది.

అక్కడితో "నేల" పేర్లన్నీ తీశారు. నేలతంగేడు తంగేడుకి చుట్టమే, రెండూ సెన్నా. నేలవేము వేపకి చుట్టం కాదు, చేదు ఒక్కటే కలిసింది, దాని కుటుంబం అడ్డసరం వైపు. నేలతాడి తాటిచెట్టుకి ఏమీ కాదు, ఆకులు తాటిమొలకలా కనిపించడం వల్ల వచ్చిన పేరు. మన పెద్దవాళ్ళు కొన్నిటికి చుట్టరికం చూసి, కొన్నిటికి రుచి చూసి, కొన్నిటికి రూపం చూసి పేరు పెట్టారు. ఏది ఎందుకో విప్పి చూస్తే గానీ తెలియదు.

ఇంకో మాట కూడా పిల్లలకి దాచకుండా చెప్పాను. ఉసిరిని కొన్ని పుస్తకాలు ఎంబ్లికా అఫిసినాలిస్ అని విడి ప్రజాతిగా రాశాయి. ఫిల్లాంథస్ మరీ పెద్దదైపోయిందని, దాన్ని కొన్ని ప్రజాతులుగా విడగొట్టి ఎంబ్లికాని మళ్ళీ విడిగా చూపాలని 2022లో ప్రతిపాదన వచ్చింది. అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా కుటుంబం అదే, గదులు, గింజలు అవే. మా లేబుల్ మీద ఫిల్లాంథస్ ఎంబ్లికా, ఎల్. అని రాసి, కింద రెండో పేరు కూడా రాశాం.

నవంబరు 23

నలభై అనుకున్నాం, 37 షీట్లు పూర్తయ్యాయి. ప్రతి షీటూ 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు. మొక్కని దారంతో కుట్టి, కుడివైపు కింద లేబుల్. పురుగు పట్టకుండా నాఫ్తలీన్ ఉండలు వేసి బీరువా కింది అరలో పెట్టాం.

మిగిలిన మూడూ తుంగలు. రెండు నెలలుగా వాటితో కుస్తీ పడుతున్నాం, గింజ పూర్తిగా ముదిరితే గానీ తేలేలా లేవు. ఆ ఆరు రేకుల కుర్రాడు వాటి కంకులు కాగితం పొట్లాల్లో కట్టి, నంబర్లు వేసి, పొయ్యి పక్క గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు. 38, 39, 40 లేబుళ్ళ మీద ప్రస్తుతానికి ఇలా ఉంది: తుంగ. చెరువు గట్టు, నీటి అంచు. పేరు చెప్పినది: వంటమ్మ. శాస్త్రీయ నామం: ఖాళీ.